మెరుగు పెట్టని వెండి

నా చేత్తో నేను నింపిన పన్ను ఈ జన్మకు ఒకటే. అది కాటమయ్యది. కింది దవడ, కుడి పక్క, చివరి నుంచి రెండోది. ఇరవై రెండేళ్లు పళ్ల ఆసుపత్రిలో చేసి ఒక్కటేనా అని నవ్వొచ్చేవాళ్లు నవ్వుకోవచ్చు. నింపడం డాక్టరు పని. కలపడం నా పని.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధికి వెనక సందులో మా ఆసుపత్రి. డాక్టర్ అలీ అహ్మద్, ఒక కుర్చీ, పళ్లు తొలిచే మిషను ఒకటి, నేను. ముందు వీధిలో ఊరంతా బంగారం బేరమాడుతుంటే వెనక సందులో నేను గాజు కల్వంలో వెండి నూరుతుండేదాన్ని. జనం వెండి అంటారు గానీ ఆ పొడిలో వెండి మూడింట రెండు వంతులే. మిగిలింది తగరం, కొంచెం రాగి, చిటికెడు జింకు. అందులో పాదరసం బొట్లు వేసి నూరాలి. నేలమీద పడితే చేతికి దొరకకుండా పారిపోయే పాదరసం ఆ పొడిని పట్టుకుందంటే ఇక కదలదు. కాసేపటికి వెన్నముద్దలా తయారవుతుంది. పలచని గుడ్డలో పెట్టి పిండితే ఎక్కువైన పాదరసం పూసల్లా రాలిపోతుంది. మిగిలిన ముద్దను చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో నొక్కితే కిర్రుమంటుంది. కిర్రుమంటే కలిసినట్టు, లేదంటే మళ్లీ నూరాలి. మా సారు ఏనాడూ ముద్ద వైపు చూసేవాడు కాదు. "అరిచిందా సంతోషమ్మా?" అని అడిగేవాడు. "అరిచింది సార్" అంటే చెయ్యి చాపేవాడు.

ముద్దను అరచేతిలో పిసకవద్దని మొదటి వారంలోనే చెప్పాడు. చెమట తగిలితే అందులోని జింకు ఊరుకోదు. నాలుగైదు రోజులకు లోపల గాలి పుట్టి వెండి ఉబ్బుతుంది, పన్ను పగిలినా పగులుతుంది. ఇంకో సంగతి, పెట్టిన గంటకే అది గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ నమ్మకూడదు. పూర్తి బలం రావడానికి ఒక పగలూ ఒక రాత్రీ కావాలి. అందుకే ఆ పక్క నమలవద్దని చెప్పి పంపి, మరునాడో మరుసటి వారమో పిలిపించి మెరుగు పెట్టేవాడు. రానివాళ్లకు కబురు పెట్టి మరీ పిలిపించేవాడు. గరుగ్గా వదిలేస్తే నాలుక ఊరికే ఉండదు, అంచులు విరుగుతాయి అనేవాడు. మెరుగు పెట్టించుకోకుండా ఉండిపోయిన మనిషి మా ఆసుపత్రికి లేడు. కాటమయ్య వచ్చేదాకా లేడు.

నా సంగతి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. జమ్మలమడుగు క్రైస్తవ మిషను కాంపౌండులో పుట్టాను. నాయన అక్కడి ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన పోయాక అమ్మను తీసుకుని ప్రొద్దుటూరు వచ్చాను. అమ్మకు పక్షవాతం. పగలు ఆసుపత్రి, రాత్రి అమ్మ, తొమ్మిదేళ్లు. అమ్మ పోయేసరికి నాకు ముప్పై నాలుగు. సంబంధాలు అడిగేవాళ్లు అప్పటికే అడగడం మానేశారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆసుపత్రి. అక్కడికి వచ్చేవాళ్లంతా నోరు తెరిచేవాళ్లే గానీ మాట్లాడేవాళ్లు కాదు. గదిలో రేడియో మాట్లాడేది, అది కూడా నేను తిప్పితేనే. సంతోషమ్మకు నోటి దురుసు ఎక్కువని చర్చిలో ఆడవాళ్లు అనేవాళ్లు. వారానికి ఒకసారి పలికే నోరు దురుసుగా కాక మెత్తగా ఎట్లా ఉంటుంది?

కాటమయ్యను మొదట చూసింది పెద్దాయన వెంట. పెద్దాయన అంటే జమ్మలమడుగు వైపు ఒక పార్టీకి నాయకుడు. ఆయన పేరు పలకకుండా ఉండటం మాకందరికీ అలవాటైపోయింది, ఇప్పుడు పలికి సాధించేదేమీ లేదు. ఎనభై తొమ్మిది ఎలక్షన్లకు ముందు ఎండాకాలం అది. ఆయన ముందు వీధిలో పైపన్నుకు బంగారు తొడుగు వేయించుకున్నాడు. దాని కింది పన్నుకు మా సారు వెండి పెట్టాడు. మూడో రోజు సందులోకి జీపు వచ్చి ఆగింది. ఏడుగురు దిగారు.

"నా నోట్లో కరెంటు పెట్టినావంట్రా డాక్టరూ? అవతలోళ్లు ఎంతిచ్చినారు నీకు?" అన్నాడు పెద్దాయన, దవడ పట్టుకుని.

పళ్లు కలిపినప్పుడల్లా షాకు కొడుతోందట. సారు చేతులు కడుక్కుంటూ నిదానంగా చెప్పాడు. "ఒగ నోట్లో రెండు రకాల లోహాలుండి తడిలో తగులుకుంటే కరెంటు పుడతాది అయ్యా. టార్చిలైటు సెల్లు కూడా అంతే గదా. ఇందులో పార్టీ ఏమీ లేదు."

పెద్దాయన నమ్మాలా వద్దా అని చూస్తున్నాడు. వాకిట్లో ఆనుకుని నిలబడిన మనిషొకడు, భుజాన కంబళి, నలభై దాటిన వయసు, తనలో తాను అనుకున్నట్టే అన్నాడు. "రెండు పార్టీలు ఒగ ఊర్లో ఉంటే మన గతీ అంతే గదప్పా."

అందరూ బిగుసుకుపోయారు. పెద్దాయన నవ్విన తర్వాత నవ్వారు. ఆయన వెండి తీయించేసి తెల్ల సిమెంటు పెట్టించుకుని పోయాడు. ఆ మాట అన్నవాడే కాటమయ్య. మైలవరం చెరువు పక్క ఊరు, గొర్రెల మంద ఉంది, భార్య పోయింది, ఒక్కడే కొడుకు చెన్నకేశవ. కొడుకు పెద్దాయన జీపులో తిరగడం మొదలుపెట్టాక తండ్రి కూడా వెంట తిరగడం మొదలుపెట్టాడు. వాణ్ణి కనిపెట్టుకుని ఉందామని. అడ్డాల నాడు బిడ్డలు గానీ గడ్డాల నాడు బిడ్డలా అని ఊరికే అనలేదు పెద్దలు.

మా సారు ప్రతి గురువారం పులివెందులకు పోయేవాడు. అక్కడ ఒక మందుల షాపు వెనక గదిలో కూర్చుని పళ్లు చూసేవాడు. గురువారం నేను ఒక్కదాన్నే ఆసుపత్రి తీసి, సామాన్లు ఉడకబెట్టి, అద్దాలు తుడిచి, సాయంత్రం తాళం వేసేదాన్ని. ఆ సందులో గురువారం మధ్యాహ్నం కంటే పొడవైనది ఈ లోకంలో ఏదీ లేదు.

నెల తర్వాత అట్లాంటి ఒక గురువారం పదిన్నరకు కాటమయ్య వచ్చాడు, చెంప మీద చెయ్యి పెట్టుకుని.

"సారు లేడు. పులివెందులకు పోయినాడు. రేపు రాప్పా" అన్నాను.

"రేపటి దాకా ఉండేటిగా లేదు సిస్టరమ్మా. బొక్క పడింది. బువ్వ ఇరుక్కుంటే పానం పోతాంది." గడప మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక తలెత్తి, "ముద్ద కలిపేది నువ్వే గదా. నువ్వు పెట్టలేవా?" అన్నాడు.

అమ్మ పోయాక, నీవల్ల అవుతుందా అని నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. పదకొండేళ్లు ఆ కుర్చీ పక్కన నిలబడి చూశాను. నాకు ఏది ఎక్కడ పెట్టాలో తెలుసు. చేయకూడదని కూడా తెలుసు. కుర్చీ వైపు చెయ్యి చూపించాను.

మిషను జోలికి పోలేదు. చిన్న గరిటెతో పుచ్చిపోయిన మెత్తటి భాగమంతా గోకి తీశాను. దూది పెట్టి ఆరబెట్టాను. కల్వంలో నూరాను, పిండాను, చెవి దగ్గర నొక్కాను. అరిచింది. కొద్దికొద్దిగా పెట్టి దట్టించాను. నా చేతులు చెమట పట్టాయని సగంలో తెలిసింది. గుడ్డతో తుడుచుకున్నాను గానీ ఒకసారి వేలు తగిలిందేమోనని అనుమానం. పంటి మీద సహజంగా ఉండే సన్నని గాడులను చిన్న కత్తితో చెక్కాను. సారు రెండు గీతల్లో చెక్కేది నాకు ఆరు గీతలైంది. అంతా అయ్యేసరికి పన్నెండు దాటింది.

మధ్యమధ్య దూది మార్చేటప్పుడు అతను మాట్లాడాడు. "గొర్రె పండ్లు చూసి ఎన్నేండ్లదో చెప్తా నేను. రెండు పండ్లది, నాలుగు పండ్లది, పండ్లన్నీ వచ్చి కడబారినది. మనిషి పండ్లు చూసి నువ్వేం చెప్తావు సిస్టరమ్మా?"

"బీడీలు మానమని చెప్తా" అన్నాను.

నవ్వాడు. మళ్లీ దూది తీసినప్పుడు నా ముఖం వైపు చూసి అన్నాడు. "నువ్వు రేత్రిపూట పండ్లు కొరుకుతావు. దవుడలు చూస్తే తెలుస్తాది. మందలో పడకుండా ఒంటిగా ఉండే గొర్రె అట్లే కొరుకుతాది."

నాకు కోపం రావాలి. రాలేదు. నోరు తెరవమని కసిరి, ముఖం కనపడకుండా వెనక్కి తిరిగి కల్వం కడిగాను. పోయేముందు చెప్పాను, ఈ రోజు ఆ పక్క నమలద్దని, వచ్చే గురువారం వస్తే మెరుగు పెడతానని. సారు ఉన్న రోజు రావద్దని చెప్పకుండానే అతనికి అర్థమైంది. "వస్తా" అన్నాడు. నాకు ఎవరో వస్తారని చెప్పి పోవడం కొత్త. ఆ నాలుగు రోజులు వెండి ఉబ్బుతుందేమోనని దిగులు పడ్డాను. దిగులు పడటానికి కూడా ఒక మనిషి ఉన్నాడని లోపల ఎక్కడో సంతోషం.

ఆ సాయంత్రమే ఊరంతా గుప్పుమంది. పదకొండు గంటలకు మైలవరం దారిలో అవతలి పార్టీవాళ్ల జీపు మీద బాంబులు వేశారు. ఒకాయన చనిపోయాడు. వేసింది నలుగురు, ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. చూసినవాళ్లు లెక్క చెప్పారు గానీ ముఖాలు చెప్పలేకపోయారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి పేపరు తెరిస్తే జిల్లా పేజీలో వార్త. నలుగురు లొంగిపోయారు. నాలుగో పేరు కాటమయ్య.

మా వైపు ఇది కొత్త కాదు. వేసేది ఒకరు, ఒప్పుకునేది ఒకరు. నాయకుడు మనుషులను ఒప్పజెబుతాడు, పోలీసులు రాసుకుంటారు. వేసింది నలుగురని సాక్షులు చెబితే లెక్కకు నలుగురు ఉండాలి, ఏ నలుగురైనా ఫరవాలేదు. చిన్నప్పటి నుంచి వింటున్నదే. కానీ ఈసారి ఆ పదకొండు గంటలకు నాలుగోవాడి నోట్లో నా వేళ్లు ఉన్నాయి.

సోమవారం సారుకు అంతా చెప్పేశాను. ముందు పన్ను సంగతి, తర్వాత కేసు సంగతి. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"నువ్వు కోర్టులో చెప్తే నా లైసెన్సుకు ఇబ్బంది. నీ పానానికి అంతకన్నా ఇబ్బంది" అన్నాడు చివరికి. "అయినా చెప్పద్దని నేను అనను. ఒగ మనిషి జీవితం గదా. ఒట్టి నీ మాట ఎవురూ నమ్మరు. ఆ పన్ను ఉండాది గదా, అదే సాచ్చికం. మెరుగు పెట్టని వెండి మీద కత్తి గీతలు కొత్తగా, పదునుగా ఉంటాయి. అది పది పదైదు దినాలదని, నా చేతి పని కాదని చూసి నేను చెప్పగలను. మెరుగు పెట్టినాక నెలదీ ఏడాదిదీ అంతా ఒగటే తీరు. ఎవురూ ఏమీ చెప్పలేరు."

గురువారం ఆసుపత్రి తీయకుండా జమ్మలమడుగు బస్సెక్కాను. సంచిలో చిన్న అద్దం పెట్టుకున్నాను, గీతలు అట్లే ఉన్నాయో లేదో చూద్దామని. సబ్ జైలులో హెడ్డు వార్డరు జ్ఞానప్రకాశం. చిన్నప్పుడు మా చర్చి పాటల గుంపులో నా పక్కన నిలబడినవాడు, మా నాయన చేత సూదులు వేయించుకున్నవాడు. ఖైదీ పన్ను చూడాలని చెబితే లోపలికి వదిలాడు. వాకిట్లో చెన్నకేశవ కూర్చున్నాడు, తండ్రికి సద్ది తెచ్చి. ఇరవై రెండేళ్లుంటాయి. చేతికి కొత్త గడియారం. నన్ను చూసి కళ్లు దించుకున్నాడు.

కటకటాల వెనక కాటమయ్య నన్ను చూసి లేచాడు. "గురువారం వస్తానని చెప్పింటి. నువ్వే వచ్చినావే సిస్టరమ్మా" అన్నాడు.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను. కోర్టుకు వస్తానని, బైబిలు మీద ప్రమాణం చేసి చెబుతానని, సారు కూడా చూసి చెబుతాడని. ఇంత ధైర్యం నాలో ఉందని నాకే తెలియదు. ఆ వారమంతా అద్దం ముందు నిలబడి ఆ మాటలు వల్లె వేసుకున్నాను.

అతను వాకిలి వైపు చూశాడు. కొడుకు వినపడేంత దగ్గరలో లేడని చూసుకుని గొంతు తగ్గించాడు.

"నేను ఆడ లేనని నువ్వు చెప్తావు. సరే. ఉండింది నలుగురు గదా. ఆ నాలుగోవాడు ఎవడని అడగరా?"

నాకు అప్పుడు అర్థమైంది. ఆ కొత్త గడియారం, దించుకున్న కళ్లు.

"పెద్దాయన వాణ్ణే ఒప్పజెప్తాననె. నేను కాళ్లు పట్టుకుని నా పేరు రాయించుకున్నా. వానికి ఇంగా పెండ్లి గూడా కాలేదు. నాదేముంది, యాడుంటే ఏంది? ఆడా ఒంటిగానే ఉంటి, ఈడా ఒంటిగానే ఉండా." నోట్లో నాలుక కుడి పక్కకు కదిలింది. "ఇది మటుకు గరుగ్గా ఉండాది. నాలిక ఊకే ఆడికే పోతాంది."

"అది గరుగ్గా ఉన్నంతవరకే సాక్ష్యం" అన్నాను. సారు చెప్పిందంతా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఎన్నాళ్లకో మాట్లాడే అవకాశం వచ్చిన నోరు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగదు.

అతను విన్నాడు. "నున్నగా చెయ్యల్లంటే ఎంతసేపు పడతాది?" అని అడిగాడు.

నేను సంచిలోని అద్దాన్ని ఇంకా లోపలికి తోశాను.

"నేను నిన్ను ఇంగేమీ అడగను సిస్టరమ్మా. ఇదొక్కటి చెయ్యి. రేపు ఎవుడో ప్లీడరు వచ్చి నోరు తెరవమంటే, మావాడు పోతాడు."

మెరుగు సామాను ఆ రోజు తెచ్చుకోలేదు గనక, వచ్చే గురువారం దాకా వారం గడువు దొరికింది నాకు. ఆ వారంలో ఏం చేశానని అడిగితే, ఏమీ చేయలేదు. సారు అడిగితే, ఆలోచించుకుంటున్నానన్నాను. ఆదివారం చర్చిలో మోకరించాను గానీ ప్రార్థన రాలేదు. అబద్ధం చెప్పకూడదని తెలుసు. అసలు తప్పు చేసినవాడు బయట తిరగడం న్యాయం కాదని తెలుసు. ఇవన్నీ ఒక పక్క. ఇంకో పక్క, కటకటాల వెనక నుంచి ఒక మనిషి నన్ను ఒకటి అడిగాడు. ఈ భూమ్మీద ఇంకెవరినీ అడగలేనిది నన్ను అడిగాడు. అది ఎంత బరువో, ఎంత సంతోషమో నాకు చెప్పడం రాదు.

మరుసటి గురువారం బస్సెక్కాను. సంచిలో కాగితం పొట్లంలో మెరుగు పొడి, గుండ్రటి మొన ఉన్న పనిముట్టు, ఒక వేపపుల్ల. జ్ఞానప్రకాశం స్టూలు తెచ్చి వేశాడు. కాటమయ్య కటకటాలకు ముఖం ఆనించి నోరు తెరిచాడు. అద్దంలో చూశాను. వెండి ఉబ్బలేదు. నా ఆరు గీతలు ఆరూ కనిపిస్తున్నాయి, పిల్లలు పలక మీద మొదటిసారి రాసినట్టు వంకరటింకరగా. వేపపుల్ల కొస నమిలి కుచ్చులా చేసి, తడి పొడి అద్ది, రుద్దడం మొదలుపెట్టాను. మిషనుతో అయితే ఐదు నిమిషాల పని. చేత్తో గంటన్నర పట్టింది. ఒక్కో గీతా పోతుంటే నా మాట ఒక్కో అక్షరమే పోతున్నట్టుంది. ఆఖరికి గుండ్రటి మొనతో నొక్కి రుద్దితే నల్లటి ముద్ద అద్దంలా మెరిసింది. సారు కూడా అంత బాగా మెరుగు పెట్టి ఉండడు.

అతను నాలుక తిప్పి చూసుకున్నాడు. "ఇప్పుడు నా పన్ను మాదిరే ఉండాది" అన్నాడు. కళ్లలో నీళ్లున్నాయి. నాకూ వచ్చాయి. బస్సులో తిరిగి వస్తూ దారి పొడుగునా ఏడ్చాను. నిజం చెప్పాలంటే, ఆ ఏడుపులో దుఃఖం తక్కువ.

కేసు ఏడాది నడిచింది. నలుగురికీ యావజ్జీవం. కడప జైలుకు పంపించారు. నేను కార్డు రాశాను, జవాబు రాలేదు. కాటమయ్యకు చదువు రాదు, ఎవరి చేత చదివించుకుంటాడులే అనుకుని మళ్లీ రాయలేదు.

తొంభై రెండు ఎండాకాలంలో, మైలవరం కట్ట దారిలో, అవతలి పార్టీవాళ్లు చెన్నకేశవను నరికి చంపారు. పేపర్లో ఫొటో వేశారు. చేతికి అదే గడియారం.

ఆ పేపరును నేను ఎన్నిసార్లు చదివానో. చదివినకొద్దీ ఒకే మాట తిరిగి వచ్చేది. నేను కోర్టులో చెప్పి ఉంటే వాడు జైల్లో ఉండేవాడు. జైల్లో ఉంటే బతికి ఉండేవాడు. తండ్రి బయట గొర్రెలు మేపుకుంటూ గురువారం గురువారం సద్ది పట్టుకుపోయేవాడు. రెండు ప్రాణాలూ ఉండేవి. ఇది ఎవరితో చెప్పుకోను? సారుకు తెలుసు, ఆయన ఎన్నడూ ఎత్తలేదు. రేడియో పాడైపోతే బాగు చేయించలేదు.

తొంభై తొమ్మిదిలో, గణతంత్ర దినం విడుదలల్లో, కాటమయ్య బయటికి వచ్చాడు. మార్చిలో ఒక రోజు ఆసుపత్రికి వచ్చాడు. తల పూర్తిగా నెరిసింది. కంబళి లేదు. మందా లేదు, మేపేవాళ్లు లేక ఎప్పుడో అమ్మేశారట. అప్పటికి మా దగ్గర పళ్ల రంగులోనే ఉండే తెల్ల మందు వచ్చింది. పాదరసం మంచిది కాదంటున్నారని కల్వం కడిగి బీరువాలో పెట్టేశాను.

కుర్చీలో కూర్చుని సారుతో అన్నాడు. "ఈ వెండి పన్ను పీకెయ్యండి సార్."

సారు చూశాడు, పనిముట్టుతో తట్టాడు, చల్లనీళ్లు పోశాడు. "దీనికి ఏ రోగమూ లేదప్పా. బాగుండే పన్ను నేను పీకను" అన్నాడు. కాటమయ్య మళ్లీ అడిగాడు. సారు తల అడ్డంగా ఊపి, నా వైపు ఒకసారి చూసి, నమాజుకు వేళైందని వెళ్లిపోయాడు.

నేను అద్దం పట్టి చూశాను. వెండి నల్లబడింది. నేను పెట్టిన మెరుగు ఎప్పుడో పోయింది. కానీ అంచు వెంట పనిముట్టు లాగితే ఎక్కడా తగలలేదు. సారు ఒకప్పుడు చెప్పిన సంగతి గుర్తొచ్చింది. కొత్తలో ఈ లోహానికీ పంటికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది. నోటి తడికి ఏళ్ల తరబడి లోహం మెల్లగా తుప్పు పడుతుంది. ఆ తుప్పే సందులోకి చేరి దాన్ని పూడ్చేస్తుంది. తాను చెడిపోతూ పంటికి అతుక్కుపోతుంది. నా చేతి చెమట కూడా దాన్ని ఏమీ చేయలేదు.

"గట్టిగానే ఉంది" అన్నాను.

"అదే నా బాధ. అన్నం తిన్నప్పుడల్లా తగులుతాది" అన్నాడు. అద్దం పక్కకు జరిపి నా ముఖం చూశాడు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఒగ మాట అడుగుతా సిస్టరమ్మా. నీకు వారం దినాలు టైముండె గదా?"

"ఉండె."

"నేను కన్నోణ్ణి. నాకు ముందూ ఎనకా కనపల్లే. నీకన్నా కనపడాల గదా. వాణ్ణి లోపల ఏసింటే ఈ పొద్దు బతికుండును గదా. ఏడేండ్లు అదే ఆలోచన చేసినా. నేనంటే చెయ్యమన్నా. నువ్వు ఎందుకు చేసినావు?"

ఎన్నో జవాబులు తయారు చేసుకుని ఉన్నాను, ఏడేళ్లుగా. మిషను కాంపౌండులో పెరిగిన అలవాటు, అడిగితే నిజమే వస్తుంది.

"నువ్వు అడిగినావని చేసినా కాటమయ్యా. నన్ను ఎవురూ ఏమీ అడగరు. నువ్వు అడిగినావు."

అతను చాలాసేపు నా వైపే చూశాడు, నా పళ్లు చూసి వయసు లెక్క కడుతున్నట్టు. తర్వాత కుర్చీ దిగి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మందలో ఉండేదాన్ని అడిగింటే, చెయ్యనని చెప్పింటాది" అన్నాడు.

చెప్పులు తొడుక్కుని సందులోకి వెళ్లిపోయాడు. వస్తానని చెప్పలేదు. నేను అద్దం కడిగి, తుడిచి, ట్రేలో పెట్టాను. కుర్చీ పక్కన నిలబడి ఉన్నాను. సందులో ఏ చప్పుడూ లేదు. చాలాసేపటికి చెవి దగ్గర కిర్రుమని వినిపించింది. కల్వం బీరువాలో ఉంది గదా అనుకున్నాను. అవి నా పళ్లు.